పిండంలో జన్యు సవరణ: ఈ అవసరం ఎవరిది?

(సభలో మాట్లాడిన మాటలనే, పెద్దగా మార్చకుండా రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం.

ఈ విషయం మీద ఎక్కడ మాట్లాడినా మొదట వచ్చే ప్రశ్న ఒకటుంది. "ఏమండీ, ఇక పిల్లల్ని ఆర్డరిచ్చి చేయించుకోవచ్చా? పొడుగ్గా, అందంగా, లెక్కల్లో వందకి వంద వచ్చేలా?" అడిగేవాళ్లు సగం సరదాగా అడుగుతారు, సగం సీరియస్‌గానే అడుగుతారు. నాకు వెంటనే 'ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అన్న సామెత గుర్తొస్తుంది. (నవ్వులు) కాకపోతే ఇక్కడ ఆలూ ఉంది, చూలూ ఉంది, ల్యాబ్‌లో గాజు గిన్నెలో పిండం కూడా ఉంది. ఆ పిండం డీఎన్ఏలో ఒక్క అక్షరాన్నైనా నమ్మకంగా దిద్దగల చెయ్యి మాత్రం ఇంకా లేదు. ఆ ఒక్క అక్షరం సంగతే తేలలేదు, మనం అప్పుడే సోమలింగం ఎత్తు, రంగు, మార్కులు నిర్ణయించేస్తున్నాం.

అందుకని ఆ ప్రశ్నని కాసేపు పక్కన పెడతాను. ఇవాళ నేను పట్టుకోదలచుకున్న ప్రశ్న వేరే ఉంది. అది నాది కూడా కాదు. 2018 నవంబర్ 28న హాంకాంగ్‌లో ఒక సభలో ఒకాయన అడిగింది.

ఆ సభ మానవ జన్యు సవరణ మీద జరిగిన రెండో అంతర్జాతీయ సదస్సు. అంతకు మూడు రోజుల ముందే వార్త బయటపడింది. చైనాలోని షెంజెన్‌లో హ జియాన్‌క్వి అనే శాస్త్రవేత్త పిండాల్లో జన్యువుని మార్చి, వాటిని తల్లి గర్భంలో పెట్టించాడు, కవల ఆడపిల్లలు పుట్టారు అని. ఆయనే యూట్యూబ్‌లో వీడియోలు పెట్టి చెప్పుకున్నాడు. పిల్లలకి లులు, నానా అని మారుపేర్లు. సదస్సులో ఆయన మాట్లాడటం ముందే ఖాయమై ఉంది. దాంతో హాలంతా కెమెరాలు. ఆయన వేదిక మీదకొచ్చి, స్లైడ్లు చూపించి, చేసినదానికి గర్వపడుతున్నానన్నాడు. ఇంకో గర్భం కూడా మొదలైందని అక్కడే చెప్పాడు.

ఆయన చేసిందేమిటంటే, సీసీఆర్5 అనే జన్యువుని చెడగొట్టడం. హెచ్ఐవీ వైరస్ మన తెల్ల రక్తకణాల్లోకి దూరడానికి ఎక్కువగా వాడుకునే తలుపు అది. ఉత్తర యూరప్ మూలాలున్నవాళ్లలో నూటికి ఒకరికి ఆ తలుపు పుట్టుకతోనే ఉండదు. వాళ్ల రెండు ప్రతుల్లోనూ 32 అక్షరాలు ఎగిరిపోయి ఉంటాయి. వాళ్లకి హెచ్ఐవీ సోకడం చాలా కష్టం. ఆ పిల్లల తండ్రికి హెచ్ఐవీ ఉంది, తల్లికి లేదు. కాబట్టి పిల్లలకి ఆ తలుపు మూసేద్దాం అని ఆయన ఆలోచన.

అప్పుడు అమెరికన్ శాస్త్రవేత్త డేవిడ్ లియు ఆయన్ని అడిగాడు. తండ్రికి వైరస్ ఉన్నా, శుక్రకణాలని వైరస్ లేకుండా కడిగి ఐవీఎఫ్ చేస్తే, అంటే ల్యాబ్‌లో అండంతో కలిపితే, పిండానికి వైరస్ రాదు కదా, మీరు అలా కడిగారు కూడా కదా, మరి ఈ సవరణతో తీరిన అవసరం ఏమిటి, అది ఎవరిది?

హ జియాన్‌క్వి చెప్పిన జవాబు ఆ పిల్లల గురించి కాదు. హెచ్ఐవీ బాగా వ్యాపించిన ఊళ్ల గురించి, రేపెప్పుడో సోకే ప్రమాదం ఉన్న లక్షల మంది గురించి మాట్లాడాడు. అప్పటికే పుట్టిన ఆ ఇద్దరికి ఏమి ఒరిగిందో చెప్పలేకపోయాడు. నా మటుకు నాకు ఈ మొత్తం వ్యవహారం ఆ ఒక్క ప్రశ్నలోనే ఉందనిపిస్తుంది. ఈ అవసరం ఎవరిది?

ఇక సైన్స్‌కి వద్దాం. భయపడకండి, ఒక పది నిమిషాలే.

మన ఒక్కో కణంలో తల్లి నుంచి వచ్చిన డీఎన్ఏ ఒక ప్రతి, తండ్రి నుంచి వచ్చింది ఒక ప్రతి ఉంటాయి. ఒక్కో ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాలు. అక్షరాలంటే ఎ, టి, జి, సి అని పిలిచే నాలుగు రసాయనాలు. పేజీకి 3,000 అక్షరాల లెక్కన వేస్తే పది లక్షల పేజీలు. 500 పేజీల పుస్తకాలు 2,000 అన్నమాట. ఈ 2,000 పుస్తకాల్లో ఒక్కచోట, హీమోగ్లోబిన్ తయారీ రాసి ఉన్న చోట, ఒకే ఒక్క అక్షరం 'ఎ' బదులు 'టి' పడితే, అది కూడా రెండు ప్రతుల్లోనూ పడితే, సికిల్ సెల్ జబ్బు వస్తుంది. 'మందు' అని ఉండాల్సిన చోట 'ముందు' అని పడినట్టు. ఒక్క కొమ్ము తేడా. ఆ తేడాకి ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోతుంది, సన్నటి నాళాల్లో ఇరుక్కుంటుంది, ప్రాణం తోడేసే నొప్పి వస్తుంది.

ఇంత గ్రంథాలయంలో ఆ ఒక్క అక్షరాన్ని వెతికి పట్టుకోవడం ఎలా? ఆ కిటుకు బ్యాక్టీరియా దగ్గర దొరికింది. బ్యాక్టీరియాకి కూడా వైరస్‌ల బెడద ఉంటుంది. ఒకసారి దాడి చేసిన వైరస్ డీఎన్ఏ ముక్కని తన డీఎన్ఏలో దాచుకుని, మళ్లీ అదే వైరస్ వస్తే పోల్చి చూసి కత్తిరించేస్తుంది. పాత నేరస్తుల ఫొటోలు గోడకి అంటించి పెట్టుకున్నట్టు. దాన్నే క్రిస్పర్ అంటున్నాం. 2012లో జెన్నిఫర్ డౌడ్నా, ఇమ్మాన్యుయెల్ షార్పెంటియే ఆ పద్ధతిని మనకి కావలసిన చోట కత్తిరించే పనిముట్టుగా మలిచి చూపించారు. 2020లో వాళ్లిద్దరికీ కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

పనిముట్టులో రెండు భాగాలు. అడ్రస్ చీటీ ఒకటి, కత్తెర ఒకటి. చీటీలో 20 అక్షరాలుంటాయి. నాలుగు అక్షరాల భాషలో 20 అక్షరాల మాటలు ఎన్ని రాయొచ్చో లెక్క కడితే లక్ష కోట్లు దాటతాయి. మన పుస్తకంలో ఉన్నవి 300 కోట్ల అక్షరాలే కాబట్టి అదే మాట రెండోచోట యాదృచ్ఛికంగా ఉండే అవకాశం తక్కువ. ఇదీ ధైర్యం. కానీ మూడు నాలుగు అక్షరాల తేడాతో అలాంటివే అనిపించే మాటలు చాలాచోట్ల ఉంటాయి. కత్తెర అప్పుడప్పుడు వాటి దగ్గర కూడా ఆగుతుంది. పోస్ట్‌మేన్ పక్క వీధిలో అదే నంబరున్న ఇంట్లో ఉత్తరం వేసి పోయినట్టు.

ఇంకో విషయం. క్రిస్పర్ చేసేది కోయడమే. కోసిన చోట అతికేది మన కణమే, దానికి తోచిన పద్ధతిలో. చాలాసార్లు తొందరతొందరగా అతికేసి నాలుగక్షరాలు పోగొడుతుంది. జన్యువుని చెడగొట్టడమే మన పనైతే అది చాలు. సరైన అక్షరం రాయించాలంటే మాత్రం నమూనా ముక్క పక్కన పెట్టి, కణం దాన్ని చూసి రాసుకుంటుందని ఆశపడాలి. తర్వాత 2016లో, 2019లో ఇదే డేవిడ్ లియు ల్యాబ్ నుంచి, డీఎన్ఏలో పెనవేసుకుని ఉండే రెండు పోగులూ తెగ్గొట్టకుండా అక్షరాన్ని మార్చే పద్ధతులు వచ్చాయి. అవి మెరుగైనవే. తప్పులు తగ్గాయి కానీ పోలేదు.

ఇప్పుడు చాలామంది కలిపేసే రెండు పనులని విడదీయాలి.

మొదటిది, పుట్టి మన ముందు ఉన్న మనిషికి చేసే సవరణ. ఇది ఇప్పటికే మందుగా వచ్చేసింది. 2023 చివర్లో బ్రిటన్, తర్వాత అమెరికా సికిల్ సెల్‌కి క్యాస్‌జెవీ అనే క్రిస్పర్ చికిత్సని ఆమోదించాయి. రోగి ఒంట్లో రక్తాన్ని తయారుచేసే మూలకణాలని బయటికి తీస్తారు. పుట్టాక ఆగిపోయే పసితనపు హీమోగ్లోబిన్ మళ్లీ తయారయ్యేలా వాటిని సవరిస్తారు. కీమో మందుతో ఎముక మజ్జని ఖాళీ చేసి, సవరించిన కణాలని తిరిగి ఎక్కిస్తారు. అమెరికాలో ఆమోదం కోసం చూసిన 31 మందిలో 29 మందికి కనీసం ఏడాది పాటు ఆ భయంకరమైన నొప్పి దాడులు రాలేదు. ధర మాత్రం 22 లక్షల డాలర్లు. దీని గురించి ఒక పూట మాట్లాడొచ్చు, ఇవాళ వదిలేస్తున్నా.

2025లో ఫిలడెల్ఫియాలో ఇంకా ఆశ్చర్యమైనది జరిగింది. ఒక పసివాడికి లివర్‌లో ఒక ఎంజైము లోపం. ఒంట్లో అమ్మోనియా పేరుకుపోతుంది, మెదడు దెబ్బతింటుంది. ఆ ఒక్క బిడ్డలో ఉన్న తప్పు కోసమే, ఆరు నెలల్లో, మందు తయారు చేశారు. కొవ్వు బుడగల్లో పెట్టి రక్తంలోకి ఎక్కిస్తే లివర్‌కి చేరి అక్కడ అక్షరం దిద్దింది. బిడ్డ ఇంటికెళ్లాడు. పూర్తిగా నయమైందని డాక్టర్లు అనలేదు, ఇంకా జాగ్రత్తగా చూస్తున్నామన్నారు. నాకు ఆ మాట కూడా నచ్చింది.

ఈ రెండింటిలోనూ అవసరం ఎవరిదో మనం వెతుక్కోనక్కర్లేదు. మంచం మీద ఉన్నారు. ఆ దిద్దుబాటు మంచిదైనా చెడ్డదైనా ఆ ఒంటితోనే ఆగిపోతుంది, పిల్లలకి పోదు.

రెండోది పిండంలో చేసే సవరణ. ఒక్క కణంగా ఉన్నప్పుడు మారిస్తే ఆ మార్పు లివర్‌లోనూ ఉంటుంది, మెదడులోనూ ఉంటుంది, రేపు ఆ మనిషి అండాల్లోనో శుక్రకణాల్లోనో ఉంటుంది. మనవలకి, మునిమనవలకి పోతుంది. పైకి చూస్తే పద్ధతి అదే, పనిముట్టు అదే. ఒకచోట పనిచేసింది కాబట్టి ఇంకోచోటా పనిచేస్తుందనుకుంటాం. ఎందుకు చేయదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నీతి గురించిన సగం చర్చ ఇక్కడే దాగి ఉంది.

2015లో చైనాలోని గ్వాంగ్‌జౌలో మొదటిసారి మానవ పిండాల మీద క్రిస్పర్ ప్రయోగించారు. బిడ్డగా ఎదిగే అవకాశం లేని, లోపమున్న పిండాలనే 86 తీసుకున్నారు. పరీక్షించిన 54లో 28 పిండాల్లో సరిగ్గా అనుకున్నచోట కోత పడింది. వాటిలో కూడా కొద్దిట్లోనే కావలసిన అక్షరం వచ్చింది. కొన్ని పిండాల్లో కొన్ని కణాలు మారాయి, కొన్ని మారలేదు. దీన్ని మొజాయిక్ అంటారు, రంగురంగుల గచ్చులాగా. క్రిస్పర్ పని మొదలుపెట్టేలోపే పిండం రెండుగా, నాలుగుగా విడిపోతుంటే అలా అవుతుంది.

2017లో అమెరికాలోని ఒరెగాన్‌లో మితాలిపోవ్ అనే శాస్త్రవేత్త బృందం దీనికి ఒక ఉపాయం చేసింది. శుక్రకణంతో పాటే క్రిస్పర్‌ని కూడా అండంలోకి పంపారు. గుండె కండరం మందమయ్యే ఒక వంశపారంపర్య జబ్బు తీసుకున్నారు. తండ్రి రెండు ప్రతుల్లో ఒకటే చెడ్డది కాబట్టి, ఏమీ చేయకపోయినా పిండాల్లో సగం మంచివే ఉంటాయి. సవరణ చేశాక 58 పిండాల్లో 42 మంచివిగా కనిపించాయి, అంటే 72 శాతం. పేపర్లన్నీ పతాక శీర్షికలు పెట్టాయి.

'కనిపించాయి' అన్నాను, గమనించారా? అక్కడే గొడవ మొదలైంది. చెడ్డ అక్షరం కనపడలేదంటే దాన్ని దిద్దారనా, లేకపోతే పేజీయే చిరిగిపోయిందనా? పేజీ పోయినా చెడ్డ అక్షరం కనపడదు కదా. చూస్తే తల్లి ప్రతిలోని మంచి అక్షరం ఒక్కటే కనిపిస్తుంది, అంతా బాగుందనుకుంటాం. 2020లో కొలంబియా యూనివర్సిటీలో డీటర్ ఎగ్లీ బృందం చూపు పోయే ఒక జబ్బుకి సంబంధించిన జన్యువుతో ఇదే పరీక్షించింది. తండ్రి ప్రతిని కోస్తే, దాదాపు సగం కోతలు అతకనే లేదు. పిండం విడిపోయేసరికి ఆ జన్యువున్న క్రోమోజోమ్‌లో, అంటే మన గ్రంథాలయంలో ఒక బీరువాలో, పెద్ద భాగమో, కొన్నిసార్లు మొత్తం క్రోమోజోమో గల్లంతు. చూపు కోసం దిద్దబోతే వందల జన్యువులు పోయాయన్నమాట. రక్తకణాల్లో ఇలా జరిగితే ఆ కణం చచ్చిపోతుంది, మిగతా కోట్ల కణాలు పనిచేస్తాయి. పిండంలో ఉన్నదే ఒక్క కణం.

సరే, తప్పులు జరుగుతాయి, పరీక్ష చేసి మంచిదాన్నే గర్భంలో పెడదాం అంటారు. ఇది చాలా సహజమైన మాట. నేను కూడా మొదట్లో అలాగే అనుకున్నా. అయితే పరీక్ష ఎలా చేస్తారో చూడండి. అయిదో రోజుకి పిండంలో వందా నూటయాభై కణాలుంటాయి. ఐదారు కణాలు గిల్లి తీస్తారు. అవి కూడా బయటి పొరలోంచి తీస్తారు. ఆ పొర తర్వాత మాయ అవుతుంది, బిడ్డ అవ్వదు! బిడ్డయ్యే కణాలు లోపల ముద్దగా ఉంటాయి, వాటిని ముట్టుకోరు. మామూలు జబ్బు పరీక్షకి దీనితో ఇబ్బంది లేదు, ఎందుకంటే అన్ని కణాల్లోనూ ఒకే డీఎన్ఏ ఉంటుంది. సవరించిన పిండంలో కణానికో రకంగా ఉండే అవకాశం ఉన్నప్పుడు, బయటి నాలుగు కణాలు చూసి లోపలున్నవాటికి హామీ ఎలా ఇస్తారు? అన్ని కణాలూ చూడాలంటే పిండాన్ని చంపాలి. చంపితే పరీక్ష దేనికి?

నా దృష్టిలో ఇది మామూలు టెక్నికల్ ఇబ్బంది కాదు. డాక్టరు 'మీ బిడ్డకి ఫలానా ప్రమాదం ఇంత' అని తల్లిదండ్రులకి చెప్పాలి, వాళ్లు ఆలోచించి ఒప్పుకోవాలి. చెప్పడానికి అంకె లేనప్పుడు ఒప్పుకోవడం అన్న మాటకి అర్థం లేదు. షెంజెన్‌లో ఆ దంపతుల చేత సంతకం పెట్టించిన పత్రంలో ఈ పనికి పెట్టిన పేరు ఎయిడ్స్ టీకా తయారీ ప్రాజెక్టు. అది చదివిన తల్లికి తన బిడ్డ ప్రతి కణంలో మార్పు చేస్తున్నారని తట్టే అవకాశం ఎంత?

ఇప్పుడు మళ్లీ మన ప్రశ్నకి వస్తాను. టెక్నిక్ రేపు బాగుపడిందనే అనుకుందాం. అప్పుడు ఇది ఎవరికి కావాలి?

భార్యాభర్తలిద్దరూ సికిల్ సెల్ వాహకులు. అంటే ఇద్దరికీ జబ్బు లేదు, ఒక్కో చెడ్డ ప్రతి మాత్రం ఉంది. వాళ్ల పిండాల్లో ప్రతి నాలుగింట ఒకదానికి జబ్బు వస్తుంది, సగటున మూడింటికి రాదు. ఐవీఎఫ్ చేసి, పరీక్షించి, ఆ మూడింట్లో ఒకటి గర్భంలో పెట్టుకుంటే చాలు. ఈ పద్ధతి 1990 నుంచీ ఉంది. హంటింగ్టన్ అని మెదడుని మెల్లగా పాడుచేసే జబ్బుంది, అది రావడానికి ఒక్క చెడ్డ ప్రతి చాలు. తల్లిదండ్రుల్లో ఒకరికి అలాంటి జబ్బు జన్యువు ఒక ప్రతి ఉంటే, సగం పిండాలు మంచివి. అక్కడా ఎంచుకుంటే చాలు. మన దగ్గర మంచి పేజీ ఉన్నప్పుడు చెడ్డ పేజీని దిద్దడం దేనికి?

సరిగ్గా సవరణే దిక్కు అనదగ్గ జంటలు ఎవరంటే, తల్లికీ తండ్రికీ ఇద్దరికీ అదే జబ్బు ఉండి, నాలుగు ప్రతులూ చెడ్డవే అయినవాళ్లు. లేదా ఒకరికి హంటింగ్టన్ లాంటిది రెండు ప్రతుల్లోనూ ఉన్నవాళ్లు. వాళ్లకి ఎన్ని పిండాలు చేసినా ఒక్కటీ మంచిది రాదు. అలాంటివాళ్లు ఉన్నారు, వాళ్ల బాధ నిజం. కానీ చాలా చాలా తక్కువ మంది. ఏ చర్చలోనైనా 'వంశపారంపర్య జబ్బులతో బాధపడే లక్షల మంది' అని మొదలుపెడితే, కాస్త ఆగి, ఆ లక్షల్లో ఎంతమందికి ఈ దారి తప్ప వేరే లేదో అడగండి.

ఎదురువాదన కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఐవీఎఫ్‌లో అందరికీ పదీ పన్నెండు పిండాలు రావు. కొందరికి రెండో మూడో వస్తాయి. అందులో జబ్బున్నవి తీసేస్తే చేతిలో ఏమీ మిగలదు. వాటినే సవరించగలిగితే ఆ ఆడమనిషికి ఇంకోసారి ఇంజెక్షన్లు, ఇంకోసారి ఆపరేషన్ థియేటర్ తప్పుతాయి. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. పిండాలని పారేయడం పాపం అని నమ్మేవాళ్లు కూడా సవరణ వైపు చూస్తారు. వాళ్లకి ఒక్క మాట: ఆ సవరణ నేర్చుకోవడానికే వందల పిండాలు కావాలి, సవరించాక సరిగా రానివీ పారేయాల్సిందే. లెక్క అటు మొగ్గుతుందని నాకనిపించదు.

2019లో రష్యాలో డెనిస్ రెబ్రికోవ్ అనే శాస్త్రవేత్త ఇలాంటి జంటలనే వెతికాడు. ఇద్దరూ ఒకే జన్యువు వల్ల పుట్టు చెవిటివాళ్లు. వాళ్లకి పుట్టే ప్రతి బిడ్డకీ వినపడదు. లెక్క ప్రకారం సవరణ తప్ప దారి లేదు, నిజమే. అయితే వినపడకపోవడం ప్రాణం తీసే జబ్బా? వాళ్లకొక భాష ఉంది, చేతులతో మాట్లాడే భాష. స్నేహాలున్నాయి, సాహిత్యముంది. చెవిటివాళ్లలో చాలామంది మాకేమీ లోపం లేదు, లోపం మీ బడుల్లో, మీ ఆఫీసుల్లో ఉందంటారు. ఇంకొందరు మా పిల్లలకి వినపడితే సంతోషమే అంటారు. ఇద్దరి మాటా నేను కాదనలేను. ఒక్కటి మాత్రం తెలుసు. వినికిడి కోసం క్రోమోజోమ్ పోయే రిస్క్ తీసుకోమని పుట్టబోయే బిడ్డ తరఫున నేను సంతకం పెట్టలేను. రష్యా ఆరోగ్య శాఖ కూడా ఇంకా తొందర అనే చెప్పింది.

సంతకం అంటే గుర్తొచ్చింది. పుట్టబోయే బిడ్డ అనుమతి లేదు కాబట్టి ఇది తప్పు అని తరచూ అంటారు. నాకు ఆ వాదన ఎప్పుడూ బలహీనంగానే అనిపిస్తుంది. మనలో ఎవరు అనుమతిచ్చి పుట్టాం? (నవ్వులు) బిడ్డకి టీకా వేయించేటప్పుడు అడగం, బడిలో వేసేటప్పుడూ అడగం. నాకు ఇబ్బంది అనిపించేది అనుమతి లేకపోవడం కంటే, ఆ తర్వాత వచ్చేది. సవరించిన పిండం నుంచి పుట్టిన మనిషిని జీవితమంతా గమనించాలి. రక్త పరీక్షలు, స్కాన్లు. తనకి పిల్లలు పుడితే వాళ్లనీ చూడాలి. ఒక ప్రయోగంలో చేరి మధ్యలో మానుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంటుందని వైద్య నీతి చెబుతుంది. ఒంట్లోని ప్రతి కణంలో ఉన్న ప్రయోగం నుంచి ఎలా మానుకుంటారు?

సీసీఆర్5 దగ్గరికి ఇంకోసారి వెళ్లాలి. ఆ పిల్లల్లో వచ్చింది యూరప్ వాళ్లలో ఉన్న ఆ 32 అక్షరాల మార్పు కూడా కాదు. ఆయన చూపించిన వివరాల ప్రకారం అంతకు ముందు ఎవరిలోనూ చూడని కొత్త మార్పులు. ఒక పాపకి ఒక ప్రతి మామూలుగానే ఉండిపోయింది, అంటే హెచ్ఐవీ నుంచి పెద్ద రక్షణ కూడా లేదు. ఆ సంగతి పిండం దశలోనే తెలిసీ గర్భంలో పెట్టారు. పైగా సీసీఆర్5 ఊరికే లేదు. అది లేనివాళ్లకి దోమల ద్వారా వచ్చే వెస్ట్ నైల్ వైరస్ సోకితే జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ.

ఇక్కడొక చిన్న పిట్టకథ. 2019 జూన్‌లో ఒక పేరున్న పత్రికలో వ్యాసం వచ్చింది, రెండు ప్రతులూ లేనివాళ్లు తొందరగా చనిపోయే అవకాశం 21 శాతం ఎక్కువ అని. ప్రపంచమంతా 'చూశారా!' అంది. నేనూ రెండు మూడు చోట్ల చెప్పాను. నాలుగు నెలలకి ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు, డేటాలో జన్యువుని గుర్తించడంలోనే పొరపాటు జరిగిందని. లక్షల మంది సమాచారం చేతిలో ఉండి, నిపుణులు కూర్చుని లెక్కేస్తేనే ఒక్క జన్యువు సంగతి ఇలా తప్పింది. మళ్లీ సికిల్ సెల్ చూడండి. రెండు చెడ్డ ప్రతులుంటే జబ్బు, ఒక్కటే ఉంటే మలేరియా నుంచి రక్షణ. మంచి జన్యువు, చెడ్డ జన్యువు అని నేను ఇందాకటి నుంచీ సులువుగా అంటున్నాను గానీ, దోమలున్న చోట ఒకటి, లేని చోట ఒకటి.

మొదట్లో పక్కన పెట్టిన సోమలింగానికి ఇప్పుడు రెండు నిమిషాలు. 2022లో 54 లక్షల మంది డీఎన్ఏ చూసి ఎత్తుతో సంబంధమున్న చోట్లు వెతికితే 12,111 తేలాయి. ఒక్కోదాని వాటా వెంట్రుకవాసి. ఒక్కచోట కోస్తేనే క్రోమోజోమ్ పోతున్నప్పుడు పన్నెండు వేల చోట్ల కోతలా? తెలివితేటల సంగతి ఇంతకంటే చిక్కు. కాబట్టి డిజైనర్ బేబీ అంటూ ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. అయితే నా భయం ఇంకోటుంది. కుదరని పనికి కూడా గిరాకీ ఉంటుంది. 2025లో అమెరికాలో కొన్ని కంపెనీలు పిండాల సవరణ మీద పనిచేస్తామని ముందుకొచ్చాయి. అదే ఏడాది మే నెలలో కణ, జన్యు చికిత్సల్లో పనిచేసే అంతర్జాతీయ సంస్థలే పదేళ్ల పాటు దీన్ని ఆపాలని కోరాయి. ఈ పనిముట్టుని అందరికంటే బాగా ఎరిగినవాళ్లే ఆపమంటున్నారంటే ఆ మాటకి విలువివ్వాలి. 2019లోనూ పద్దెనిమిది మంది ఇదే అడిగారు, వాళ్లలో షార్పెంటియే ఒకరు. 2023లో లండన్‌లో జరిగిన మూడో సదస్సు కూడా ప్రస్తుతానికి ఇది ఆమోదయోగ్యం కాదనే తేల్చింది.

నా మాట ఇంతటితో ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మీరు వద్దంటారు సరే. ఇంకో దేశం చేసేస్తే మనం వెనకబడిపోమా?

జవాబు: ఎందులో వెనకబడతాం? షెంజెన్‌లో చేసింది నోబెల్ స్థాయి పని కాదు. అక్కడ వాడిన టెక్నిక్ అప్పటికే చాలా ల్యాబుల్లో ఉంది. మిగతావాళ్లు చేతకాక ఆగలేదు. పిండాల మీద పరిశోధన చేయొద్దని కూడా నేననను. లండన్‌లో క్యాథీ నియాకన్ అనే శాస్త్రవేత్త అనుమతి తీసుకుని, పిండం తొలి రోజుల్లో జన్యువులు ఏం చేస్తాయో చూశారు. వాటిని గర్భంలో పెట్టలేదు, చట్టం ప్రకారం పద్నాలుగు రోజులు దాటనివ్వరు కూడా. గర్భస్రావాలు ఎందుకవుతాయో అలాంటి పనుల వల్లే తెలుస్తుంది. గీత ల్యాబ్ గుమ్మం దగ్గర ఉండాలంటాను, సవరించిన పిండం అది దాటి గర్భంలోకి వెళ్లకూడదు.

ప్రశ్న: మా అక్కకి ఒక వంశపారంపర్య జబ్బుంది. మేం ఎదురుచూడాలా, వద్దా?

జవాబు: ముందు జెనెటిక్ కౌన్సెలర్‌ని, అంటే వంశపారంపర్య జబ్బుల మీద సలహా చెప్పేవాళ్లని, కలవండమ్మా. మీ ఇంట్లో ఉన్నది ఏ జన్యువులో, ఎలాంటి తప్పో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. చాలా కుటుంబాలకి పిండాన్ని ఎంచుకునే దారి ఇవాళే ఉంది. అక్కగారికైతే, పుట్టినవాళ్లకి చేసే చికిత్సల వైపు చూడండి. వేగంగా మారుతున్నది అదే.

ప్రశ్న: ఆ కవలలు ఇప్పుడు ఎలా ఉన్నారు?

జవాబు: హ జియాన్‌క్వికి 2019 డిసెంబర్ 30న షెంజెన్ కోర్టు మూడేళ్ల జైలు, 30 లక్షల యువాన్ల జరిమానా వేసింది. చట్టవిరుద్ధంగా వైద్యం చేశారని నేరం. మూడో బిడ్డ కూడా పుట్టిందని అప్పుడే తెలిసింది. 2022లో ఆయన విడుదలయ్యాడు. పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారని, మామూలుగా పెరుగుతున్నారని చెబుతున్నాడు. బయటి డాక్టర్లెవరూ చూసి చెప్పింది ఇప్పటివరకు ప్రచురణ కాలేదు, ఆయన రాసిన వ్యాసాన్నీ ఏ సైన్స్ పత్రికా వేయలేదు. వాళ్లెవరో ఎవరికీ తెలియకుండా ఉంచడమే మంచిది, నేనూ అదే కోరుకుంటాను. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా వైద్య పరీక్షలు చేస్తామని, ఆ తర్వాత వాళ్లే నిర్ణయించుకుంటారని మొదట్లో ఆయన బృందం అంది. కవలలకి 2036లో పద్దెనిమిది నిండుతాయి. ఇక మమ్మల్ని ఎవరూ పరీక్ష చేయడానికి వీల్లేదని వాళ్లు అనొచ్చు. అప్పుడు ఆ ప్రయోగం ఫలితం ఏమిటో ఎవరికీ తెలియదు.